పొయ్యికి గోడ అడ్డు కారాదు

ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి ఏ సాధనం అమర్చుకోవాలి, అసలు ఆ ఇల్లు కొనాలా, అద్దెకు తీసుకోవాలా అన్నవి శీతల దేశాలలో ప్రతి కుటుంబమూ ఏదో ఒకనాడు తేల్చుకోవలసిన ప్రశ్నలు. సూరత్ నగరం అటువంటి చలిని ఎరుగదు. జనవరిలో సైతం అక్కడి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. గదిని వేడి చేసుకోవలసిన అవసరం ఎవరికీ రాదు. అయినప్పటికీ ఆ నగరపు ఆగ్నేయ దిశలో, లింబాయత్, డిండోలీలకు ఆనుకుని ఉన్న గోడాదరాలో ఇవే రెండు ప్రశ్నలు మరో రూపంలో తెలుగు కార్మిక కుటుంబాలను వెంటాడుతున్నాయి. అక్కడ వేడెక్కవలసింది అన్నం గిన్నె, స్నానాల నీళ్ల కాగు. ఆ వేడి ఏ ఇంధనంతో వస్తుందన్నది ఆ కుటుంబం ఉన్న ఇల్లు సొంతమా, కిరాయిదా అన్నదానిని బట్టి నిర్ణయమవుతున్నది. ఇంటి సంగతి, పొయ్యి సంగతి ఈ విధంగా ముడిపడి ఉండటం వల్లనే ఎందరో అవసరానికి మించిన అప్పుకు, చెల్లుబాటు కాని కాగితాలకు తలవంచుతున్నారు. ఈ ముడిని విప్పవలసిన బాధ్యత ప్రధానంగా ప్రభుత్వాలదే.

సూరత్‌కు తెలుగువారి వలస ఈనాటిది కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు తరాలుగా అక్కడి మరమగ్గాలను నమ్ముకుని వెళ్లాయి. సిరిసిల్లలో సాంచాలని పిలిచే ఆ మగ్గాల మీద పగలు 12 గంటలు, రాత్రి 12 గంటలు చొప్పున రెండు షిఫ్టుల పని నడుస్తుంది. తెలుగు పిల్లల కోసం సూరత్ నగర ప్రాథమిక శిక్షణ సమితి తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడపడమే అక్కడ మనవారి సంఖ్య ఏపాటిదో చెప్పకనే చెబుతుంది. వరంగల్‌లో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారనక్కరలేకుండా సూరత్‌లో దిగవచ్చు. 2006లో సూరత్ నగర పాలక సంస్థ విస్తీర్ణం సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. పొలాలు సొసైటీలయ్యాయి. ఒకప్పుడు గ్రామమైన గోడాదరా నేడు ఒకదానికొకటి అంటుకున్న వరుస ఇళ్లతో, మేడ మీద మేడగా లేచిన కిరాయి గదులతో నగరంలో అంతర్భాగమైపోయింది.

ఇటువంటి కిరాయి గదిలో నలుగురైదుగురు సభ్యుల కుటుంబం ఉన్నదనుకుందాం. రాత్రి షిఫ్టు నుంచి వచ్చిన యజమానికి, బడికి వెళ్లే పిల్లలకు, వృద్ధులకు చలికాలంలో రోజుకు 60 లీటర్ల వేడి నీళ్లు కావాలి. నీటి ఉష్ణోగ్రతను 20 డిగ్రీల మేర పెంచాలంటే 1,200 కిలో కేలరీల వేడి అవసరం. విద్యుత్ కడ్డీని బకెట్లో ముంచితే ఇందుకు దాదాపు 1.5 యూనిట్లు ఖర్చవుతుంది. వంటగ్యాస్ పొయ్యి మీద గిన్నెతో కాస్తే సగానికి కొంచెం తక్కువ వేడి గాలిలో కలిసిపోతుంది కనుక సుమారు 175 గ్రాముల గ్యాస్ కావాలి. గొట్టాల ద్వారా వచ్చే సహజ వాయువు అయితే 0.22 ఘనపు మీటరు సరిపోతుంది. నెలకు లెక్క కడితే విద్యుత్తు 45 యూనిట్లు, లేదా సిలిండర్ గ్యాస్ 5 కిలోలకు పైగా, లేదా సహజ వాయువు ఆరున్నర ఘనపు మీటర్లు. అంటే 5 కిలోల చిన్న సిలిండర్ ఒకటి స్నానాలకే చెల్లిపోతుంది. వంట సంగతి వేరే చూసుకోవాలి.

ఈ మూడింటిలో ఏది చౌక అన్న ప్రశ్నకు ఎవరి బిల్లును బట్టి వారే సమాధానం చెప్పుకోగలరు. పై అంకెలను ఆయా ధరలతో గుణిస్తే చాలు, తేలిపోతుంది. కాని కిరాయిదారుకు ఆ గుణకారం చేసుకునే అవకాశం ఎక్కడిది? గొట్టపు గ్యాస్ కనెక్షన్ కోరేవారు సాధారణంగా ఇంటి యాజమాన్య పత్రం గాని, యజమాని నుంచి నిరభ్యంతర పత్రం గాని చూపాలి. తిరిగి చెల్లించే డిపాజిట్ కట్టాలి. గోడకు రంధ్రం వేసి గొట్టం బిగించాలి. ఏ ఏడాదికా ఏడాది ఖాళీ చేయించే ఉద్దేశంతో గదులు ఇచ్చే యజమాని ఇందుకు ఎందుకు ఒప్పుకుంటాడు? విద్యుత్తు సంగతీ అంతే. మీటరు యజమాని పేరిట ఉంటుంది. కిరాయి గదులకు విడి మీటరు బిగించి యూనిట్‌కు ఇంత అని యజమానే వసూలు చేసుకునే పద్ధతి నగరాలన్నింటా కనిపించేదే. ఆ రేటు విద్యుత్ సంస్థ రేటు కన్నా ఎక్కువైనా అడిగే దిక్కు లేదు. సాధనాన్ని ఎంచుకునే అధికారం ఒకరిది, దాని బిల్లు కట్టే బాధ్యత మరొకరిది అయినప్పుడు చౌకైన సాధనం ఆ గోడ మీదికి రాదు. ఇందుకు యజమాని దుర్మార్గుడు కానక్కరలేదు. ఖర్చు తనది, ఆదా మరొకరిది అయిన పనిని ఎవరూ చేయరు.

మిగిలింది సిలిండర్. ఊళ్లో ఉన్న వంటగ్యాస్ కనెక్షన్‌ను బదిలీ పత్రంతో కొత్త చోటికి మార్చుకునే వీలు ఉన్నది. కాని సగం కుటుంబం ఊళ్లో, సగం సూరత్‌లో ఉన్నప్పుడు ఆ పొయ్యిని ఆర్పి ఈ పొయ్యి వెలిగించడం ఎలా? చిరునామా రుజువు లేనివారికి 5 కిలోల సిలిండర్లను కేవలం గుర్తింపు పత్రంపై అమ్మే ఏర్పాటును 2013లో చమురు సంస్థలు ప్రవేశపెట్టాయి. 2021 ఆగస్టులో ఆరంభమైన రెండవ విడత ఉజ్వల పథకంలో వలస కుటుంబాల మహిళలు చిరునామా రుజువుకు, రేషన్ కార్డుకు బదులు స్వీయ ప్రకటన ఇస్తే చాలునన్నారు. ఇవి రెండూ మెచ్చదగిన చర్యలే. ఈ వెసులుబాటు సంగతి తెలియకనో, పంపిణీదారు ఎదుట నిలబడి అడిగే ధైర్యం లేకనో చాలామంది సందు చివరి దుకాణంలో కిలోల లెక్కన చిన్న సిలిండర్లలో గ్యాస్ నింపించుకుంటారు. పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి గ్యాస్ మార్చడం చట్టవిరుద్ధం, ప్రమాదకరం కూడా. కిలో ధర చూసినా అదే అన్నింటికన్నా ప్రియం. పేదవాడు ఎక్కువ ధర పెట్టి ఎక్కువ ప్రమాదాన్ని కొనుక్కోవడమంటే ఇదే.

ఇందులోని వైపరీత్యం సూరత్‌లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అరేబియా సముద్రపు సహజ వాయువు ఒడ్డుకు చేరే హజీరా ఈ నగరం పక్కనే ఉన్నది. 1984లో ఏర్పాటైన గ్యాస్ అథారిటీ సంస్థ హజీరా నుంచి మధ్యప్రదేశ్‌లోని విజయపూర్ మీదుగా ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ దాకా గొట్టపు మార్గం వేసి ఎరువుల కర్మాగారాలకు గ్యాస్ అందించింది. దేశంలో అందరికన్నా ముందు ఇళ్లకు గొట్టాల ద్వారా గ్యాస్ పొందిన నగరాలలో సూరత్ ఒకటి. వందల కోసుల అవతలి కర్మాగారానికి చేరిన గ్యాస్, గుమ్మం ముందు వీధి దాకా వచ్చిన గ్యాస్ కిరాయి గది లోపలికి రాలేకపోతున్నదంటే లోపం గొట్టంలో లేదు, కాగితంలో ఉన్నది.

కొనుగోలు ఆశ, కాగితాల గోస

అందుకే కాస్త కూడబెట్టుకున్న ప్రతి కుటుంబం సొంత ఇంటి వైపు చూస్తుంది. సొంత ఇల్లుంటే గొట్టపు గ్యాస్ వస్తుంది. విద్యుత్ మీటరు తన పేరిట ఉంటుంది. పైకప్పు సొంతమైతే సౌర హీటరు పెట్టుకోవచ్చు. 100 లీటర్ల సౌర హీటరు నలుగురి స్నానాలకు సరిపోతుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన సూర్యఘర్ పథకంలో ఇంటి కప్పు మీద ఒక కిలోవాట్ సౌర విద్యుత్తుకు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా అంతకు మించితే 78,000 రూపాయలు రాయితీగా ప్రకటించారు. ఇవన్నీ కప్పు ఉన్నవాడికి దక్కే వరాలు. అద్దె ఇంటివాడికి వీటిలో ఒక్కటీ లేదు. పిల్లల బడి, రేషన్, ఓటు వంటి వాటికి స్థిరమైన చిరునామా ఇచ్చే నిబ్బరం వీటికి అదనం. సొంత గూడు కోరుకోవడంలో తప్పేమీ లేదు.

చిక్కల్లా ఏ ఇల్లు, ఏ కాగితం మీద కొంటున్నారన్న దగ్గరే వస్తుంది. నగరపు అంచున సాగు భూమిని ముక్కలు చేసి, బిన్‌ఖేతీ అనుమతి లేకుండానే, అంటే వ్యవసాయేతర భూమిగా మార్చకుండానే, సొసైటీ పేరు పెట్టి అమ్మడం సూరత్ పరిసరాల్లో చిరకాలంగా ఉన్నదే. అటువంటి చోట అమ్మకందారు నోటరీ ముద్ర వేసిన స్టాంపు కాగితం, మహా అయితే సాటాఖత్ అనే ఒప్పంద పత్రం చేతిలో పెడతాడు. నగర పాలక సంస్థ పన్ను రశీదు, అంటే వేరా బిల్లు, పేరు మీద వస్తున్నది కదా అని కొనుగోలుదారు ధైర్యపడతాడు. వేరా బిల్లు పన్ను కట్టినందుకు సాక్ష్యమే తప్ప యాజమాన్యానికి సాక్ష్యం కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం 100 రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. అమ్మకపు ఒప్పందం, సాధారణ ముక్తారునామా, వీలునామాల పేరిట జరిగే అమ్మకాలు యాజమాన్యాన్ని బదిలీ చేయజాలవని 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో విస్పష్టంగా తీర్పు చెప్పింది. అయినా చౌక ధర ముందు ఆ తీర్పు ఎందరికి గుర్తుంటుంది? తెలియని భాషలోని దస్తావేజుపై నమ్మకంతో వేలిముద్ర వేసే వలస కార్మికుడికి అది ఎవరు చదివి వినిపిస్తారు?

పత్రాలు సక్రమంగా ఉన్న ఇల్లే దొరికిందనుకుందాం. అప్పుడైనా లెక్క చూసుకోక తప్పదు. ఉదాహరణకు 15 లక్షల రూపాయల ఇల్లు. చేతిలో 3 లక్షలు ఉన్నాయి. తక్కిన 12 లక్షలు 9 శాతం వడ్డీకి 20 సంవత్సరాల అప్పు. నెలసరి వాయిదా 10,800 రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. 20 ఏళ్లలో కట్టే మొత్తం దాదాపు 26 లక్షలు. అందులో వడ్డీయే సుమారు 14 లక్షలు. గుజరాత్‌లో స్టాంపు సుంకం 4.9 శాతం, రిజిస్ట్రేషన్ రుసుం ఒక శాతం వేరే ఉన్నాయి. ఇల్లు మహిళ పేరిట మాత్రమే రిజిస్టరు చేస్తే ఆ ఒక శాతం మినహాయింపు లభిస్తుంది కనుక, ఆ మేరకు 15,000 రూపాయలు ఆదా చేసుకోవడమే కాక ఇల్లాలికి భద్రత కూడా కల్పించవచ్చు. ఇదే కుటుంబం నెలకు 5,000 రూపాయల కిరాయి కడుతూ, ఏటా అది 5 శాతం పెరుగుతూ పోతే 20 ఏళ్లలో చెల్లించేది 20 లక్షలకు కొంచెం తక్కువ. కొన్నవారికి చివరకు ఇల్లు మిగులుతుంది, కిరాయి కట్టినవారికి రశీదులు మిగులుతాయి. ఇరవై ఏళ్లు కదలకుండా, ఒక్క వాయిదా తప్పకుండా ఉండగలిగితే కొనడమే మేలన్నది నిస్సందేహం.

ఆ షరతు దగ్గరే ఆలోచించవలసి వస్తుంది. ఐదేళ్లకే ఊరికి తిరిగి వెళ్లవలసి వస్తే? అప్పటికి కట్టిన వాయిదాల మొత్తం దాదాపు 6.48 లక్షలు. అందులో అసలుకు జమ అయ్యేది సుమారు 1.36 లక్షలే. ఇంకా పది లక్షల అరవై వేల పైచిలుకు బాకీ నిలిచే ఉంటుంది. కిరాయి గదిలో ఆ ఐదేళ్లకు అయ్యే ఖర్చు 3.3 లక్షల రూపాయలు. ఇంటి ధర గణనీయంగా పెరిగితే తప్ప, తొలి ఐదేళ్లలో కదలవలసి వచ్చినవాడికి కొనుగోలు నష్టమే మిగులుస్తుంది. మరమగ్గం మీద బతుకు ఐదేళ్లు నిలకడగా సాగుతుందన్న హామీ ఏదీ లేదు. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు, 2017 జులైలో వస్తు సేవల పన్ను అమలు, 2020 మార్చిలో లాక్‌డౌన్ ఒకదాని వెంట ఒకటి సూరత్ వస్త్ర పరిశ్రమను కుదిపివేశాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీటితో తాపీ నది పొంగి నగరంలో అత్యధిక భాగాన్ని ముంచెత్తిన సంగతి సరేసరి. కిరాయిదారు అటువంటి వేళ గది ఖాళీ చేసి రైలెక్కవచ్చు. అప్పు తీసుకున్నవాడి వెంట వాయిదా కూడా రైలెక్కుతుంది. 90 రోజులు వాయిదా నిలిచిపోతే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసుతో బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు.

ప్రభుత్వ సాయం ఉన్నది కదా అని వాదించేవారు ఒక షరతును మరచిపోరాదు. 2024 సెప్టెంబరులో ఆరంభమైన పట్టణ ఆవాస్ యోజన రెండవ దశలో 35 లక్షల లోపు విలువైన ఇంటికి తీసుకునే అప్పులో తొలి 8 లక్షలపై 4 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా 1.80 లక్షల రూపాయలు, ఐదు వార్షిక వాయిదాలలో ఇస్తామన్నారు. దేశంలో ఎక్కడా సొంత పక్కా ఇల్లు ఉండరాదన్నది దీనికి ముఖ్య నిబంధన. సిరిసిల్లలోనో, సిద్దిపేట దగ్గరి పల్లెలోనో తన పేరిట రెండు గదుల పక్కా ఇల్లున్న నేత కార్మికుడు సూరత్‌లో ఈ సాయానికి అనర్హుడు. ఊరి ఇల్లు తల్లి కోసం ఉంచుకుంటే నగరపు ఇంటికి సాయం రాదు. నగరపు ఇంటి కోసం ఊరి ఇల్లు వదులుకుంటే తిరిగి వెళ్లే దారి మూసుకుపోతుంది. రెండు ఊళ్ల మధ్య బతికే మనుషులను ఈ పథకం ఒకే ఊరి మనుషులుగా లెక్కించింది.

అదీగాక తిరిగి వెళ్లడమన్నది ఉత్త కల కాదు. 2017 అక్టోబరు 22న వరంగల్ సమీపంలో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేసిన నాటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు, సూరత్, భీవండీ, షోలాపూర్‌లకు వలస వెళ్లిన నేత కార్మికులను స్వరాష్ట్రానికి రప్పించడమే దాని లక్ష్యాలలో ఒకటని ప్రకటించారు. ఎందరు వెళ్లారు, ఎందరు వెళ్లగలరన్నది అటుంచితే, ఆ ఆశ ఉన్నంత కాలం గోడాదరాలో ఇరవై ఏళ్ల అప్పుకు సంతకం పెట్టే చేయి వణకడం సహజం. మరోవైపు సూరత్‌లోనే పుట్టి పెరిగి, గుజరాతీ మాట్లాడే రెండవ, మూడవ తరం ఉన్నది. వారికి సిరిసిల్ల సెలవులకు వెళ్లే ఊరు. ఈ రెండు రకాల కుటుంబాలకు ఒకే సలహా చెప్పబూనడం పొరపాటు.

చేయవలసినదేమిటి?

మొదటిది, పొయ్యిని గోడ నుంచి విడదీయాలి. గ్యాస్, విద్యుత్తు కనెక్షన్లు కుటుంబానికి చెందినవి కావాలి తప్ప ఆస్తికి చెందినవి కారాదు. రిజిస్టరు చేసిన కిరాయి ఒప్పందం, గుర్తింపు పత్రం చూపితే చాలు, యజమాని నిరభ్యంతర పత్రం ప్రసక్తి లేకుండా గొట్టపు గ్యాస్ మీటరు కిరాయిదారు పేరిట ఇచ్చేలా 2006 చట్టం కింద ఏర్పడిన పెట్రోలియం, సహజ వాయువు నియంత్రణ మండలి నిబంధన చేయాలి. కిరాయిదారు మారితే మీటరు పేరు మారుతుంది, గొట్టం అక్కడే ఉంటుంది. డిపాజిట్ అతడి వెంట పోతుంది. ఇందువల్ల యజమానికి కలిగే నష్టం శూన్యం. బిల్లు ఎగవేసి పోతారన్న భయానికి డిపాజిట్, ముందస్తు చెల్లింపు మీటర్లు సమాధానం.

రెండవది, కిరాయి చట్టాన్ని నేటి కాలానికి తేవాలి. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు ధరావతు రెండు నెలల కిరాయికి మించరాదన్నది. రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేసింది. నీరు, విద్యుత్తుతో పాటు గొట్టపు వంటగ్యాస్‌ను సైతం అత్యవసర సేవగా గుర్తించి, యజమాని దానిని నిలిపివేయరాదన్నది. ఇది హర్షణీయమే. కాని ఉన్న గ్యాస్‌ను ఆపరాదని చెప్పిన ఆ చట్టం, లేని గ్యాస్‌ను తెచ్చుకునే హక్కును కిరాయిదారుకు ఇవ్వలేదు. పైగా ఒప్పందంలో మరో విధంగా రాసుకోకపోతే గీజర్ మరమ్మతు కిరాయిదారు బాధ్యత అని దాని అనుబంధంలో చేర్చింది. బ్రిటన్‌లో 1998 నుంచి అమలులో ఉన్న గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం, అద్దె ఇంట్లో యజమాని అమర్చిన గ్యాస్ పరికరాలను ఏటా అర్హుడైన సాంకేతికుడి చేత తనిఖీ చేయించి ఆ పత్రం కిరాయిదారుకు ఇవ్వవలసింది ఇంటి యజమానే. గాలి ఆడని చిన్న స్నానాల గదిలో గ్యాస్ గీజర్ బిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగుపడి నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అటువంటి పరికరం బాధ్యతను ఏడాదికొక గది మారే కార్మికుడి మీద వదిలివేయడం న్యాయమా?

మూడవది, కిరాయి ఇళ్లను ప్రభుత్వాలు తక్కువ చూపు చూడటం మానాలి. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ కార్మికుల నుంచి నెల రోజుల పాటు కిరాయి అడగరాదని ఆదేశించవలసి వచ్చినప్పుడు గాని, నగరాలను నడిపే శ్రామికులు కిరాయి గదులలో ఉంటారన్న సత్యం ఢిల్లీకి తట్టలేదు. ఆ జులైలో అందుబాటు కిరాయి గృహ సముదాయాల పథకం వచ్చింది. ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ గృహాలను కార్మికులకు అద్దెకివ్వాలన్నది దాని ఆశయం. సూరత్‌లో ఆ విధంగా అద్దెకు మార్చినవి 393 ఇళ్లు. లక్షల మంది వలస కార్మికులున్న నగరానికి ఈ సంఖ్య ఏ మూలకు? సొంత ఇంటి వడ్డీకి ఇచ్చే రాయితీలో కొంత భాగమైనా గాలి, నీరు, గ్యాస్ గల కిరాయి గదుల నిర్మాణానికి మళ్లిస్తే అంతకు ఎన్నో రెట్ల మందికి మేలు జరుగుతుంది.

యజమానుల పక్షాన ఉన్న వాదనను పూర్తిగా కొట్టివేయలేము. 1947 నాటి బొంబాయి అద్దె నియంత్రణ చట్టం నీడలో దశాబ్దాల పాటు నామమాత్రపు కిరాయికి ఇళ్లు చిక్కుబడిపోయిన అనుభవం గుజరాత్ యజమానులది. కిరాయిదారు పేరిట ఒక్క బిల్లు వచ్చినా రేపు ఇల్లు తనదంటాడన్న భయం అందులో పుట్టినదే. గ్యాస్ బిల్లు, విద్యుత్ బిల్లు నివాసానికి రుజువే తప్ప హక్కుకు రుజువు కావని చట్టంలో ఒక్క వాక్యం చేర్చితే ఆ భయం తొలగిపోతుంది. రెండు పక్షాల అనుమానాన్నీ తీర్చే ఆ ఒక్క వాక్యానికి ఖజానా నుంచి రూపాయి ఖర్చు లేదు.

ఇక కుటుంబాలు స్వయంగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పదేళ్లు అక్కడే ఉంటామన్న నమ్మకం, ఆరు నెలల వాయిదాలకు సరిపడా విడి నిల్వ, బిన్‌ఖేతీ అనుమతి, రిజిస్టరు దస్తావేజు, ఈ నాలుగూ ఉంటేనే కొనుగోలు గురించి ఆలోచించాలి. ఒక్కటి లోపించినా కిరాయి గది సిగ్గుపడవలసినది కాదు. కాగితం లేని సొంత ఇంటి కన్నా ఒప్పందం ఉన్న కిరాయి గది నయం. గదిలో చేరే ముందే కిరాయితో పాటు యూనిట్ రేటు ఎంత, గొట్టపు గ్యాస్‌కు నిరభ్యంతర పత్రం ఇస్తారా, స్నానాల గదికి కిటికీ ఉన్నదా అని అడిగి ఒప్పందంలో రాయించుకోవాలి. గ్యాస్ దొరకని చోట సందు చివరి దుకాణం కన్నా అధీకృత 5 కిలోల సిలిండర్ మేలు. అక్కడి తెలుగు కుల, కార్మిక సంఘాలు పండుగలతో పాటు దస్తావేజులు చదివి వినిపించే పనిని, ఉజ్వల దరఖాస్తులు నింపే పనిని చేపడితే ఎన్నో కుటుంబాలు మోసం నుంచి, ప్రమాదం నుంచి తప్పించుకుంటాయి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ రెండూ మనిషి తన ఇష్టంతో తలకెత్తుకునే బరువులు. వేడి నీళ్ల కోసం, పొయ్యి కోసం, ఒక మీటరు కోసం ఆ బరువును నెత్తికెత్తుకోవలసిన గతి ఎవరికీ పట్టకూడదు. దేశానికి చీరలు నేసే చేతులు రాత్రి షిఫ్టు ముగించుకుని గదికి చేరేసరికి ఇన్ని వేడి నీళ్లు సిద్ధంగా ఉండటానికి ఆ గది గోడలు ఎవరివన్న ప్రశ్న అడ్డు రానినాడే గోడాదరాలో కొనడమా, కిరాయికి ఉండటమా అన్నది నిజమైన ఎంపిక అవుతుంది. అంతవరకు అది ఎంపిక పేరిట సాగే నిర్బంధమే.